గార్డు బాబాయి మెచ్చిన కొట్టు

గార్డు బాబాయి పోయారని నేను రైలింజన్ల షెడ్డులో డ్యూటీలో ఉండగా ఫోను వచ్చింది. పొద్దున్నే పెరట్లో కుళాయి తిప్పి, బకెట్టు నిండేలోపు గోడకి చేరగిలబడి అలాగే వెళ్ళిపోయారట. నీళ్ళు పొర్లిపోతున్న చప్పుడుకి పిన్ని బయటికొచ్చి చూసింది. ఫోను పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. దాచి లాభం లేదు, చెప్పేస్తాను: ముందు గుర్తొచ్చింది మందు. మానేసి రెండేళ్ళు దాటింది. అయినా తండ్రిలాంటి మనిషి పోయాడన్న మాట చెవిన పడగానే, షెడ్డు గేటు నుంచి భట్టీకి దారి కాళ్ళకి గుర్తొచ్చేసింది. భట్టీ అంటే మా బిలాస్‌పూర్‌లో మందు దుకాణం. ఆ పూట నేను అటు వెళ్ళలేదంటే అది నా గొప్పతనం కాదు. పాడె కట్టడానికి మనుషులు చాలక, మూడుసార్లు ఫోను చేసి నన్ను తొందర పెట్టారు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. రైల్వే క్వార్టర్లలో మా పక్కింటివారు. వాళ్ళదీ మాదీ శ్రీకాకుళం వైపే. మా నాన్న షెడ్డులో ఫిట్టరు, ఆయన గూడ్సు బళ్ళకి గార్డు. వాళ్ళకి పిల్లల్లేరు. మా నాన్న పోయాక నన్ను స్కూలు ఫారం దగ్గర్నుంచి ఉద్యోగం దరఖాస్తు దాకా పట్టించుకున్నది ఆయనే.

రిటైరయ్యాక మనుషులు పాసులు తీసుకుని తీర్థయాత్రలు చేస్తారు. మా బాబాయి మందు కొట్లు చూడ్డానికి వెళ్ళేవారు. నవ్వకండి, తాగుబోతు కాదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టని మనిషి. కానీ ఏ ఊళ్ళో డ్యూటీ దిగినా, రన్నింగ్ రూములో, అంటే రైల్వే సిబ్బంది విడిదిలో, స్నానం చేసి, బజారుకెళ్ళి, మందు కొట్టు ముందు నిలబడి సీసాలు చూసి వచ్చేవారట. "తాగితే తప్పుగాని సూస్తే ఏటిరా? సూడ్డానికి ఊదుడు మిషను నేదు కదా" అనేవారు. రిటైరైన తర్వాత ఏడాదికి ఒక్క సీసా కొనేవారు. శనివారం సాయంత్రం ఆ సీసా మూతతోనే కొలుచుకుని రెండు మూతలు, అంతే. ఆ పూట పిన్ని ముక్కు మూసుకుని పక్కింటికి, అంటే మా ఇంటికి, వచ్చేసేది.

నాకూ ఉద్యోగం పాసు ఉంది కాబట్టి ఆయన వెంట నేనూ తిరిగాను. పాండిచ్చేరిలో గోడల నిండా సీసాలున్న ఒక కొట్లో రెండు గంటలు నిలబడ్డాం. కొట్టాయన ముందు అనుమానంగా చూశాడు. తర్వాత కుర్చీ వేశాడు, ఆఖరికి నిచ్చెన తెచ్చి పైవరస కూడా చూపించాడు. బాబాయికి కొన్ని పట్టింపులుండేవి. సీసా మీద దుమ్ము ఉండొచ్చుగాని ఎండ పడకూడదు. కొట్లోకి మనిషి నడిచి వెళ్ళగలగాలి. "గ్రిల్లు ఉంటే అది కొట్టు కాదురా, బుకింగ్ కౌంటరు" అని మా ఊరి భట్టీని తీసిపారేసేవారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి: "మంచి కొట్టువోడు ఏటి గావాలని అడగడు. ముందు మనిసి మొకం సూస్తాడు."

ఆయన దృష్టిలో అలాంటి కొట్టు ఒక్కటే ఉంది. అది గోందియాలో, స్టేషను వెనక. పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి చేరిపోతాం. చెక్క అరలు, సన్నటి నడవ, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కూర్చునే పెద్దాయన. ఏడాదికొక సీసా అక్కడే కొనేవారు. బేరం రెండు నిమిషాలు, కబుర్లు రెండు గంటలు.

ఆయనకి రెండు మూతలు సరిపోయేవి. నాకు సరిపోలేదు. ఎప్పుడు మొదలైందో, ఎలా ముదిరిందో చెప్పుకుంటూ పోతే ఇది ఆయన స్మృతి కాదు, నా చరిత్ర అవుతుంది. తాగి డ్యూటీకి వెళ్ళాను, సస్పెండ్ అయ్యాను, నా భార్య పిల్లని తీసుకుని కోటాలో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఇంతవరకు చాలు.

ఒక మధ్యాహ్నం భట్టీ దగ్గర లైన్లో ఉన్నాను. మే నెల ఎండ. వెనకనుంచి నా తల మీదికి గొడుగు నీడ జరిగింది. తిరిగి చూస్తే బాబాయి. ఆ గ్రిల్లు దగ్గర జన్మలో నిలబడనన్న మనిషి, లుంగీలు, బనియన్లు, బూతుల మధ్య నిలబడి ఉన్నారు. తిట్టలేదు. నాతోపాటే ఒక్కో అడుగూ ముందుకి వచ్చారు. నా వంతు వచ్చాక, "తీసుకుంటావా, నాతో ఇంటికొస్తావా?" అన్నారు.

తీసుకున్నాను. నేను మంచివాడినని ముందే మీతో ఎక్కడా అనలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. అదే గొడుగు, అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయేది. "నీకేం పని లేదా బాబాయ్" అని అందరి ముందూ అరిచాను కూడా. "పనికే వచ్చాన్రా" అన్నారు. ఎనిమిదో రోజున ఆ ఎండకి లైన్లోనే కూలబడిపోయారు. ఆయన్ని ఆటోలో పడేసి ఇంటికి తీసుకెళ్ళాను. పిన్ని తడిగుడ్డ వేస్తూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "ఆయన్ని ఎండలో నిలబెట్టకు నాయినా, పెద్దోడైపోనాడు" అంది, అంతే. నేనా మాట తట్టుకోలేకపోయాను. ఆ వారంలోనే మందు మాన్పించే ఆస్పత్రిలో చేరాను.

తిరిగి వచ్చాక తెలిసింది, ఆయన శనివారాలు ఆగిపోయాయని. మిగిలిన సగం సీసా పెరట్లో పారబోశారట. అడిగితే, "నీ కోసం కాదులేరా, నాకే మొకం మొత్తీసింది" అన్నారు. అబద్ధం. నాకు ఆ కొట్లన్నీ తానే చూపించానని ఆయన కుమిలిపోయేవారని పిన్ని తర్వాత చెప్పింది.

కిందటి దీపావళి తర్వాత ఒకసారి భయం భయంగా అడిగారు. "గోందియా ఒకసారి ఎల్లొద్దామేటి? కొనడానికి కాదు. ఆ పెద్దాయన ఉన్నాడో నేదో సూసి వచ్చీద్దాం. నువ్వు స్టేషన్లోనే కూకో, నానే ఎల్లొస్తాను."

"నన్ను చంపుదామనుకుంటున్నావా?" అన్నాను. అంత మాట అనాల్సిన పని లేదు. భయంతో అన్నాను. ఆ రోజుల్లో సీసా బొమ్మ చూసినా నాకు నాలిక తడారిపోయేది. ఆయన "అచ్ఛా, అచ్ఛా, వద్దులే" అని చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాత ఆయన ఏ ఊరికీ వెళ్ళలేదు. ఆయన వెళ్ళగలిగిన ఆఖరి ఏడాదిని నేను అలా చేశాను. దీనికి నాకు ఊరట లేదు, ఎవరూ చెప్పకండి.

కర్మ చేయడానికి శ్రీకాకుళం నుంచి ఆయన అన్నగారూ, ఆ అన్నగారి కొడుకూ వచ్చారు. మాలో పెద్దదినం రోజున పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, పక్కన గ్లాసులో మందు పోసి, తలుపు దగ్గరగా వేసి అందరం బయట కూర్చుంటాం. కాసేపటికి లోపలికి వెళ్ళి, పాడె మోసిన నలుగురూ ఆ గ్లాసులోంచి తలా ఒక గుటక తీసుకోవాలి. వద్దంటే పోయినవాణ్ణి వద్దన్నట్టే. నేను ముందువైపు మోశాను.

"ఆడు ఏటి తాగేవోడో నీకే తెలుసు. నువ్వే అట్టుకురా" అన్నారు ఆ అన్నగారు.

"నేను మానేశాను పెదనాన్నా. గుటక కూడా నా వల్ల కాదు" అని చెప్పాను.

"గుటకకేటవుతాదిరా? అది మందు కాదు, పెసాదం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. తెలియదు, అంతే. మా వాళ్ళలో చాలామందికి తెలియదు. మానేసినవాడికి ప్రసాదానికీ పెగ్గుకీ తేడా ఉండదు.

మా ఊరి గ్రిల్లు దగ్గర ఆయన పేరు మీద కొనడానికి నాకు మనసొప్పలేదు. తొమ్మిదో రోజున గోందియా బండెక్కాను. బతికుండగా తీసుకెళ్ళనివాణ్ణి, పోయాక వెళుతున్నాను.

కొట్టు అలాగే ఉంది. పెద్దాయన కళ్ళద్దాలు దించి నన్ను చూశారు. "గార్డు సాబ్ రాలేదే?" అన్నారు హిందీలో. చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు. తర్వాత నేను అడిగిన రమ్ము సీసా తీసి బల్ల మీద పెట్టి, దాని మీదనుంచి చెయ్యి తీయలేదు. వణుకుతున్న నా వేళ్ళకేసి చూస్తున్నారు.

"బాబూ, ఇది మీకు అమ్మలేను" అన్నారు.

ఆ నడవలో నిలబడి ఆయన్ని బతిమాలాను. నాక్కాదు, ఆకులో పెట్టడానికి అన్నాను. దండం పెట్టాను. మాట్లాడుతున్నది పోయిన మనిషి మీద ప్రేమో, నా దాహమో నాకే తెలియలేదు. ఆఖరికి ఆయన సీసాకి న్యూసుపేపరు చుట్టారు, పైన మరో పేపరు చుట్టారు, పురికొస తీసి ముడి మీద ముడి వేసుకుంటూ పోయారు. "విప్పేలోపు మీ ఊరొచ్చేయాలి" అన్నారు. బాబాయి ఆ కొట్టుని ఎందుకు అంత మెచ్చుకున్నారో నాకు అప్పుడు బోధపడింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆయన లేరు.

డోంగర్‌గఢ్ వచ్చేసరికి నేను మూడు ముడులు విప్పేశాను. విప్పుతున్నానని తెలిసే విప్పాను. అక్కడ అమ్మవారి దర్శనం చేసుకున్న ఒక ముసలమ్మ, కొబ్బరికాయ సంచితో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఆమె కూడా బిలాస్‌పూర్‌కేనట. నేను పొట్లం ఆమె ముందు పెట్టి హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాను: అమ్మా, ఇందులో మందు ఉంది, ఊరొచ్చేదాకా మీ దగ్గరుంచండి, నేను అడిగినా ఇవ్వకండి. ఆమె ఒకసారి అమ్మవారి ప్రసాదం కేసీ, ఒకసారి నా కేసీ చూసింది. ప్రసాదం సంచి పై బెర్తు మీద పెట్టి, పొట్లాన్ని తన చీర కుచ్చిళ్ళ వెనక కాళ్ళ మధ్య ఇరికించుకుంది. "మాంగబే త నఈ దేవఁవ్" అంది ఛత్తీస్‌గఢీలో. అడిగితే ఇవ్వనని.

అడిగాను. రాయపూర్ దాటాక ఒకసారి, ఊరు ఇంకో అరగంట ఉందనగా ఒకసారి. రెండోసారి గట్టిగానే అడిగాను, జనం తిరిగి చూశారు. ఆమె కిటికీ వైపు ముఖం తిప్పేసుకుంది. ప్లాట్‌ఫారం మీద పొట్లం నా చేతిలో పెట్టి, నేను క్వార్టర్ల దారి పట్టేదాకా అక్కడే నిలబడింది. నేరుగా వెళ్ళి పొట్లాన్ని పిన్ని చేతికిచ్చాను. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో దాచేసింది.

పెద్దదినం వచ్చింది. వంకాయ కూర, చేపల పులుసు, చుట్ట, రమ్ము. తలుపు వేశాం, తీశాం. పెదనాన్న గ్లాసు అందుకుని మొదటివాడికిచ్చారు. రెండోవాడు, మూడోవాడు. తర్వాత నాకిచ్చారు. గ్లాసులో ఇంకా సగం ఉంది. ఆ వాసన ముక్కులోంచి నేరుగా మెడ వెనక్కి పాకింది. అందుకోవడంలోనే కొంత వేళ్ళ మీద ఒలికింది.

"నాలిక తడుపుకో నాయినా. అందరం సూస్తన్నాం" అన్నారు పెదనాన్న.

ఏం చేద్దామనుకున్నానో చెప్పలేను. కానీ గ్లాసు పైకి లేచిన మాట నిజం. పెదవికి తగలబోయింది కూడా.

మూలన గోడకి ఆనుకుని పిన్ని కూర్చుని ఉంది. ఆ రోజు ఆవిడ ఆ మూల నుంచి కదలకూడదు. లేచి వచ్చింది. నా చేతిలోంచి గ్లాసు లాక్కుని, అంతమంది మగవాళ్ళ ముందు, ఇన్నేళ్ళుగా ఆ వాసనకి ముక్కు మూసుకున్న మనిషి, ఒక్క బిగిన తాగేసింది. పొలమారి దగ్గింది. కళ్ళంట నీళ్ళు కారిపోయాయి.

"ఓలమ్మా, ఇంత మంటేటిరా" అంది.

పెదనాన్న "ఏటే ఇది, ఏటి చేసీసినావు" అని లేచారు. ఆవిడ ఆయన వైపు చూడనే లేదు. మళ్ళీ మూలకి వెళ్ళి కూర్చుంటూ నన్నూ పక్కకి లాక్కుని కూర్చోబెట్టుకుంది. వరండాలో విస్తళ్ళు వేశారు, భోజనాలు మొదలయ్యాయి, మమ్మల్ని ఇద్దరు ముగ్గురు పిలిచారు. ఆవిడకి అప్పటికే తల తూలుతోంది. నా భుజం మీదికి ఒరిగిపోయింది. మందు ఒలికిన నా కుడిచేతిని మాత్రం, ఆ పొద్దున్నే గాజులు తీసేసిన తన చేత్తో, నేల కేసి అదిమి పట్టుకునే ఉంది.