నీలిమందు గీత

ఆరేళ్లుగా మబ్బు పడితే చాలు, దుకాణం గుమ్మంలోకి వచ్చి దిగువకు చూస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మానుకోటలో నాకు కిరాణా దుకాణం ఉంది. మా వార్డులో సగం మా బజారు, సగం దిగువన ఉన్న తండా. ఆరేళ్ల కిందట మున్సిపాలిటీవాళ్లు వచ్చి, వార్డులో ఎక్కడ ఏం కట్టాలో అక్కడి జనమే చెప్పాలన్నారు, దాన్ని బట్టే పట్టణం ప్లాను వేస్తామన్నారు. చదువురానివాళ్లకూ వీలుగా ఉండాలని పటం నేల మీద గీయమన్నారు. ముగ్గుపిండి, పసుపు, నీలిమందు నా దుకాణం నుంచే ఊరికే ఇచ్చాను. ఎంత మంచివాణ్ణో చూడండి!

బడి ఆవరణలో అందరూ వంగి గీశారు. తండా పెద్దావిడ సక్రవ్వ నీలిమందు పిడికిట పట్టి, ఎగువనున్న మెట్ట చెలక నుంచి తండా పక్కగా వంకరటింకరగా ఒక గీత పోసింది. వానాకాలం నీళ్లు పోయే ఒర్రె అది. ఎండాకాలంలో ఉత్త గుంతలా ఉంటుంది, తెలియనివాడు ఒర్రె అనుకోడు. నాకు తెలుసు. అంతకుముందే దాని మీద ఒక ప్లాటు కొన్నాను.

నేల మీది పటాన్ని కాగితం మీదికి ఎక్కించే పని నాకే ఇచ్చారు, చేతిరాత బాగుంటుందని. బడి, బోరు, కరెంటు స్తంభాలు అన్నీ ఎక్కించాను. నీలి గీత దగ్గర ఆగాను. ఒర్రె పటంలో ఉంటే అక్కడ ఇల్లు కట్టనివ్వరు. ఎంతసేపు ఆగాను? ఒక నిమిషమేమో. ఆ నిమిషంలో భయపడ్డాననో, మరిచిపోయాననో నాకు నేను చెప్పుకోవాలని ఎన్నిసార్లు చూసినా, తవ్వితే దొరికేది ఒకటే: అడిగేవాళ్లు లేరనుకున్నాను.

సక్రవ్వ వచ్చి అడిగింది.

"సేటూ, మా ఒర్రె ఎక్కిచ్చినవా?"

"ఎక్కిచ్చిన అవ్వా. గిదే." ఒక బాట గీతను వేలితో చూపించాను.

"మంచిగ జూడు బిడ్డా. గది పోతే మేం మునుగుతం."

"గట్లెట్ల పోతది? నేనున్న గదా."

ఆమె వేలిముద్ర వేసింది. సాయంత్రానికి మేకలు తొక్కి నేల మీది పటం మాసిపోయింది. మిగిలింది నా కాగితం.

దాని ప్రకారమే రోడ్డు పడింది, గుంత పూడ్చారు, ఇళ్లు లేచాయి. మాదీ లేచింది. నీళ్లు తండాలోకి తిరిగాయి. పోయిన వానాకాలం గోడ కూలి సక్రవ్వ కాలు విరిగింది. దవాఖానకు పండ్లు తీసుకెళ్లాను. "నువ్వు రాసినవ్ బిడ్డా, గాళ్లే పట్టించుకోలే" అంది. నేను తలూపాను. గీత ఎగ్గొట్టినదానికంటే ఆ తలూపినందుకే నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

రేపు కొత్త ప్లాను కోసం మళ్లీ బడి దగ్గర కూర్చుంటున్నారు. నీలిమందు తెమ్మని, కాగితం నన్నే రాయమని సక్రవ్వ కబురు పంపింది. పొట్లం నా ముందే ఉంది. బయట మబ్బు పట్టింది. అంతమందిలో నాకు నోరు పెగులుతుందా? చెప్పలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, మునిగింది మీ ఇల్లు కాదు. కానీ ఇది రాస్తుంటే ఇన్నాళ్లకు ఊపిరి కొంచెం ఆడుతోంది. రాసింది ఇక కొట్టేయను. అక్కడ ఒర్రె ఉండేది. ఇప్పుడు మా వంటింటి కింద ఉంది.