పొనికి చెక్క మీద దొర

కర్ర తెలియని మనిషిని వడ్ల పర్శరాములు మనిషి కింద జమకట్టేవాడే కాదు. ఎవరింటికి పోయినా ముందు దర్వాజా వైపు చూసేవాడు, పెదవి విరిచేవాడు, ఆ తరువాతే మంచీచెడూ అడిగేవాడు. గోదావరి ఒడ్డున ఆ చుట్టుపక్కల ఆ వడ్రంగి చేసిన నాగలి గానీ, బండి గానీ నలభై ఏండ్లలో ఒక్కటీ వాపసు రాలేదు. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

పోలీసు యాక్షన్ అయి ఏడేండ్లయింది. జాగీరు పోయినా దర్పం పోని ఉపేందర్‌రావు దొర ఆ ఎండాకాలం బొంబాయి పోయి వచ్చాడు. అక్కడ సముద్రం అలల మీద ఎవరో తెల్లవాడు చెక్క వేసుకుని నిలబడి జారడం చూశాడట. ఇంకేం, గోదావరికి వరద రాగానే తానూ అట్లాగే నిలబడాలి! పర్శరాములును పిలిపించి, పొలం గట్టున ఏపుగా ఉన్న టేకును చూపించి, రేపే కొట్టమన్నాడు.

“పచ్చి టేకు నీళ్లల్ల మునుగుతది దొరా. మొదట్ల చుట్టూ పట్ట తీసి, ఏడాది నిలవెట్టి ఎండనియ్యాలె. జల్ది కావాల్నంటే పొనికి కొడ్త. అల్కగ ఉంటది, తేల్తది.”

“పొనికితోని నిర్మల్‌ల బొమ్మలు చేస్తరు. నేను నీకు బొమ్మలెక్క కనవడుతున్ననారా?”

కనబడుతున్నావనే అనుకున్నాడు పర్శరాములు.

“టేకుతోనే చెయ్యాలె. మునిగిందో, నీ పేరు మునిగినట్టే!” అన్నాడు దొర.

ఆ మాట గుచ్చుకుంది. తెలివితక్కువతనం దొరది, చెడ్డపేరు తనకా! టేకును కొట్టాడు, కొట్టకపోతే దొర ఊరుకోడు. బాగా ఎండాక ఇచ్చేద్దామని దుంగను పెరట్లో నీడకు పెట్టాడు. వెన్నెల రోజుల్లో పొనికి కొడితే పురుగు పడుతుందని అమావాస్య దగ్గరపడేదాకా ఆగి అడవికి పోయాడు. గొడ్డలి వెనకవైపుతో నాలుగు పొనికి చెట్లను తట్టి చూశాడు. ఒకటి లోపల డొల్ల, ఒకటి మెలితిరిగింది, ఇంకోదాని నిండా ముడులు. మూడింటినీ తిట్టి వదిలేశాడు. నాలుగోది నిండుగా పలికింది. దానికి కుంకుమ పెట్టి, దండం పెట్టి కొట్టాడు. రెండు నెలలు ఆరబెట్టి, బాడిశతో చెక్కి, కాచు మరిగించిన నీళ్లతో రంగు పట్టించి, పైన అవిసె నూనె రుద్దాడు. చూస్తే అచ్చం టేకే.

“దొరకు తెలిస్తే ఎట్ల?” అంది ఆయన భార్య చంద్రవ్వ.

“వానికా? టేకు దూలాల కింద పుట్టిండు గని, ఏది ఏ కర్రో ఎన్నడన్న తెల్సిందా? ఫికర్ చెయ్యకు.”

తెలియనే లేదు. టేకైతే ఇద్దరు మోసినా నడుములు విరగాల్సిన చెక్కను ఒక్క జీతగాడు నెత్తిన పెట్టుకుని ఈల వేస్తూ రేవుకు తెచ్చాడు. అప్పుడైనా దొర బుర్రకు తట్టిందా? లేదు.

శ్రావణంలో ఊరంతా ఒడ్డున చేరింది. నడుముకు కట్టిన తాడును బెస్త నాగయ్య పట్టుకుంటే దొర చెక్కెక్కాడు, రెండు అలల సేపు నిలబడ్డాడు, బుడుంగున పడ్డాడు. చెక్క మాత్రం బెండులా తేలింది. దొర ఒడ్డుకొచ్చి, తడి మీసం దువ్వుకుంటూ పగలబడి నవ్వాడు.

“చూసిన్రా! పచ్చి టేకు మునుగుతదన్నడు గీ వడ్లోడు! నలభై ఏండ్ల సంది గొడ్డలి పట్టుకొని ఏం నేర్సినవ్‌రా?”

ఊరు నవ్వింది. నిన్నటిదాకా నాగలి కోసం ఆయన గడపలో పడిగాపులు కాసినవాళ్లే నవ్వారు. థూ!

పర్శరాములు ఓర్చుకుంటే అక్కడితో అయిపోయేది. ఓర్చుకోలేదు. బాడిశ తీసి చెక్క మీద ఒక్కటేశాడు. తెల్లటి పెచ్చు లేచింది.

“కండ్లు తెరిసి చూడు దొరా! గిది పొనికి. నువ్వు నిలవడ్డది బొమ్మల చెక్క మీద! పచ్చి టేకు తేలదంటే తేలదు!”

ఆయన ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. దొర చెక్కను చూశాడు, ఆయనను చూశాడు.

“మరి నా టేకేదిరా?”

“మా పెరట్ల ఎండుతున్నది. ముట్టలే. వచ్చి చూస్కో.”

కర్ర సంగతి ఇంకెవరికి కావాలి? దొర టేకు వడ్లోని ఇంట్లో దొరికిందన్న మాట పొద్దుగూకేలోగా నాలుగూళ్లు తిరిగింది. మర్నాడు జీతగాళ్లు దుంగను ఎత్తుకుపోయారు. బెత్తెడు కూడా తగ్గలేదు, ఆ మాట మాత్రం ఏ ఊరికీ పోలేదు.

ఆ తరువాతా ఆయనకు పని తగ్గలేదు. అంతటి పనివాడు మరి లేడు. కాకపోతే కర్ర తెచ్చిన ప్రతివాడూ ఆ కర్ర పక్కనే చతికిలబడి, పని పూర్తయ్యేదాకా ఆయన చేతులనే చూస్తూ కూర్చునేవాడు.