ముందొక మంచి మాట

ఆ ఆదివారం పొద్దున సారపాకలో మా వీధి మలుపులో ఒక జామాయిల్ లారీ ఆగి ఉంది. కాగితం మిల్లుకు పోయే లారీలు అక్కడ రోజూ ఆగుతాయి. ఆ రోజు ఒక దుంగ చివర చిన్న రెమ్మ మిగిలిపోయింది. నరికి ఎన్నాళ్లయిందో గాని, దాని ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పాల ప్యాకెట్ చేత్తో పట్టుకుని దాన్నే చూస్తుండగా ఫోన్ మోగింది. మా పెద్ద మేడం నంబరు. సంతకు ఏ ఆటోలో వస్తున్నావని అడగడానికి చేశారనుకున్నాను.

మాట్లాడింది ఆవిడ కూతురు.

"అమ్మ లేవలే మేడం," అంది.

"లేపండి," అన్నాను నేను.

ఆ అమ్మాయి చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది. రాత్రి అన్నం తిని మామూలుగానే పడుకున్నారట. నిద్రలోనే పోయారట. డాక్టరు వచ్చి చూసి వెళ్లాడట. సాయంత్రం అసర్ నమాజు తర్వాత తీసుకుపోతారు. చూడాలనుకునేవాళ్లు ఆలోగా రావాలి. అంతా చెప్పి, చివరికి, "అమ్మ బడోళ్లకు ఎవరు చెప్తరు మేడం?" అని అడిగింది.

నేను చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా 'లేపండి' అనే మాటే నా నోట్లో ఉంది. ముందు రోజు సాయంత్రం ఇద్దరం కలిసి బడికి తాళం వేశాం.

మా బడి అడవి అంచున ఉన్న ప్రాథమిక పాఠశాల. టీచర్లం ఇద్దరమే. పిల్లలు ఆవిడను పెద్ద మేడం అనీ, నన్ను చిన్న మేడం అనీ పిలుస్తారు. ఆవిడది భద్రాచలంలో తరాలుగా చెప్పుల వ్యాపారం చేస్తున్న కుటుంబం. నాది ఖమ్మం, ఖానాపురం హవేలి. నేను కాన్వెంటులో చదువుకున్నాను. అక్కడి కబుర్లు డైరీలో ఇంటికి వచ్చేవి. నాన్న ఆఫీసుకు పోతూ గుమ్మంలో నిలబడి, చదవకుండానే సంతకం పెట్టేవారు. ఇప్పుడు మీలో చాలామందికి పిల్లల బడి కబురు ఫోన్‌లో వస్తుండాలి. బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటుంటారు. కబురు చేరడం అంటే అంతేనని నేనూ అనుకునేదాన్ని.

మా పిల్లలు గుంపుల నుంచి వస్తారు. అడవిలో విడివిడిగా ఉండే చిన్న పల్లెలను ఇక్కడ గుంపులంటారు. చాలా గుంపుల్లో సిగ్నల్ ఉండదు. పెద్దవాళ్లలో చదవగలిగినవాళ్లు తక్కువ. బడి పేరుతో వాట్సాప్ గ్రూపు ఉంది. ఆదివారం సంతకు దిగి రాగానే అందరి జేబుల్లోనూ కొంగుల్లోనూ ఫోన్లు టింగుటింగుమని మోగుతాయి. వారం రోజుల కబుర్లు ఒక్కసారే వచ్చి పడతాయి. వాటిని ఎవరూ తెరవరు. వాళ్లు వచ్చింది ఉప్పుకూ, ఎండు చేపలకూ.

అందుకని పెద్ద మేడం సంతకే వెళ్లేవారు. ఆదివారం ఆవిడకూ సెలవే. అయినా భద్రాచలం నుంచి ఆటో మారి వచ్చి, గాజుల భాయ్ కొట్టు పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునేవారు. కిరాయి ఇవ్వకుండా సగం కొట్టు ఆక్రమించారని భాయ్ ఎప్పుడూ దెప్పేవాడు.

"నా కోసం ఆగినోళ్లే గద భాయ్ నీ గాజులు కొనేది," అనేవారు ఆవిడ. "నువ్వే నాకు కమీషన్ ఇయ్యాలె."

నేను చేరకముందు ఆవిడ కూడా పిల్లల చేతే కబురు పంపేవారట. ఒకసారి బడిలో ఫోటో తీయించాలనుకున్నారు. అమ్మానాన్నలిద్దరూ మంచి బట్టలు కట్టుకుని రావాలని పిల్లలకు చెప్పి పంపారు. ఆ కబురు ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు పోయేసరికి వేరే కబురైంది. పోడు చేసుకుంటున్న భూములకు పట్టాలు ఇవ్వడానికి సార్లు వస్తున్నారనీ, మొగుడూ పెళ్లాలను కలిపి ఫోటో తీస్తారనీ చెప్పుకున్నారు. తెల్లారేసరికి బడి ముందు బారులు తీరారు. మగవాళ్లు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఉన్న కాగితాలన్నీ పాలిథిన్ కవర్లలో పెట్టుకుని వచ్చారు. బడికి పంపే పిల్లలు లేనివాళ్లు కూడా వచ్చారు. ఫోటోగ్రాఫరు వచ్చి పిల్లల్ని ముందు వరసలో కూర్చోమన్నాక గాని వాళ్లకు సంగతి తెలియలేదు. ఎవరూ కోప్పడలేదట. ఫోటోకు నిలబడి, కాగితాలు తీసుకుని వెళ్లిపోయారట.

ఆ ఫోటో మా బడి గోడ మీద ఉంది. అందులో పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ. చాలామంది చేతుల్లో కవర్లు కనిపిస్తాయి. బడి చూడటానికి వచ్చినవాళ్లు ఆ కథ విని నవ్వుతారు. ఆ కథకు పెద్ద మేడం నవ్వగా నేను చూడలేదు.

"ఆళ్లు ఆశతోని వచ్చిన్రు బిడ్డా," అన్నారు నాతో. "కబురు నాది."

ఆ ఫోటో తీసిన తర్వాతి ఆదివారం నుంచే ఆవిడ సంతకు రావడం మొదలుపెట్టారు. కబురు మనిషే మనిషికి చెప్పాలి, మధ్యలో ఎవరినీ పెట్టకూడదు అనేవారు. చెప్పడం అయ్యాక "ఏం ఇన్నవో చెప్పు" అని అడిగేవారు. విన్నవాళ్లు ఆ కబురును తిరిగి ఆవిడకే చెప్పాలి. సరిగ్గా చెప్తే "అవ్, గదే" అని వదిలేవారు. తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలు. ఒక తాత కావాలనే తప్పు చెప్పేవాడు. పిల్లల పళ్లు చూడటానికి డాక్టరమ్మ వస్తుందంటే, నా పళ్లు చూడటానికి వస్తుందని చెప్పి నోరు తెరిచి చూపించాడు. "నీకు పళ్లుంటే గద తాతా," అన్నారు ఆవిడ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఏ కబురుకైనా ముందు, ఆ ఇంటి పిల్ల గురించి ఒక మంచి మాట చెప్పేవారు. బడి నుంచి మనిషి వచ్చిందంటే పిల్లగాడు ఏదో తప్పు చేశాడనే అనుకుంటారు, ఆ భయం దిగేదాకా ఏం చెప్పినా చెవికెక్కదు అనేవారు. ఆ మంచి మాట నిజమైనది కావాలి. ఆ వారంలో మనం చూసినది కావాలి. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు ఒక తల్లితో, మీ పాప బాగా చదువుతుంది అన్నాను. ఆమె వెళ్లాక పెద్ద మేడం నా వైపు తిరిగారు.

"అది ప్రోగ్రెస్ కార్డు మాట బిడ్డా. ఆ పిల్ల ఈ వారం ఏం చేసిందో చూసినవా?"

నేను చూడలేదు. మరుసటి రోజు నుంచి చూడటం మొదలుపెట్టాను. ఎవరు ఎవరికి పెన్సిలు చెక్కి ఇచ్చారో, ఎవరు కోడిగుడ్డు సగం దాచి తమ్ముడికి తీసుకుపోయారో.

చూడటం వచ్చింది గాని మాట్లాడటం రాలేదు. సంతలో ఆవిడ పక్కన ఒడిలో పుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆవిడ వేయించిన పల్లీల పొట్లం కొని, సరిగ్గా ఆ పుస్తకం అట్ట మీదే విప్పి పోసేవారు. ఇక తెరవడానికి వీలుండేది కాదు. "పుస్తకం మూసినవ్, మంచిదే. ఇగ నోరు తెరువు," అనేవారు. తెరవకపోయినా ఏమీ అనేవారు కాదు. పల్లీలు తినేవారు.

అన్నిటికంటే పైనున్న గుంపు వాళ్లు సంతకు ఎప్పుడూ చివర వస్తారు. గుట్ట దిగి, వాగు దాటి రావాలి వాళ్లు. భాయ్ గాజులు సర్దుకున్నా, కూరగాయలవాళ్లు గోనెలు మడిచినా, పెద్ద మేడం లేచేవారు కాదు. ఆటోలు అయిపోతాయి మేడం అని నేను గొణిగితే, "గంత దూరం నడిచొచ్చెటోళ్లకు ఉత్త స్టూలు చూపిస్తమా?" అనేవారు.

శనివారం సాయంత్రం గేటుకు తాళం వేస్తూ, ఆదివారం చెప్పాల్సిన కబురు నాకు చెప్పారు. వచ్చే శుక్రవారం పిల్లలు అమ్మానాన్నలకు పాఠం చదివి వినిపిస్తారు. మిరప ఏరడానికి పోయేవాళ్లు ఆ ఒక్క పూట ఆగాలి. "ఏం ఇన్నవో చెప్పు," అన్నారు. చెప్పాను. "అవ్, గదే," అన్నారు. నాతో ఆవిడ అన్న చివరి మాట అది.

ఆదివారం పొద్దున సారపాక రోడ్డు మీద నిలబడ్డాను. బ్రిడ్జి మీదుగా భద్రాచలం పోయే ఆటోలు ఒక పక్క ఆగుతాయి. అడవి వైపు పోయేవి ఎదురు పక్క. గోదావరి దాటితే ఆవిడ ఇల్లు. గ్రూపులో రాద్దామని ఫోన్ తీశాను. అందులో చివరగా ఉన్నది ఆవిడ గొంతు. రేపు సంతల కలుద్దం అని. దాని కింద ఏం రాయాలో తెలియలేదు. బ్రిడ్జి ఆటో అతను వస్తున్నారా మేడం అని పిలుస్తున్నాడు. సంతలోవాళ్లకు తొందరగా చెప్పేసి, వాళ్లతో పాటే భద్రాచలం వెళ్లొచ్చు అనుకుని రోడ్డు దాటాను.

సంతలో భాయ్ అప్పటికే స్టూలు తుడిచి పెట్టాడు. ముందు అతనికే చెప్పాను. అతను గాజుల పెట్టె మీద మూత వేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి, "నేను పోయి మట్టి ఇచ్చొస్త. నువ్వు ఈడ కూసో బిడ్డా," అన్నాడు. కొట్టు మూశాడు. స్టూలు మాత్రం బయటే ఉంచాడు.

మొదట వచ్చింది చింతపండు అమ్మే తల్లి. ఆమె కూతురు మా బడిలో రెండో తరగతి.

"ఏంది చిన్న మేడం, ఇయ్యాల నువ్వే ముందొచ్చినవ్? పెద్ద మేడంని యాడ దాచినవ్?"

ఎలా మొదలుపెట్టాలో నాకు తెలిసింది ఒక్కటే. మీ పాప ఈ వారం ఒకటో తరగతి పిల్లాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పింది అన్నాను. ఆమె ముఖం విప్పారింది. ఇగ అసలు సంగతి చెప్పమంది నవ్వుతూ. చెప్పాను.

చింతపండు ముద్ద ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. ఏం విన్నావో చెప్పమని నేను అడగలేదు. అలవాటు కొద్దీ ఆమే తిరిగి చెప్పింది.

"పెద్ద మేడం రాత్రి చనిపోయింది. ఇల్లు భద్రాచలంల. పొద్దుగూకక ముందే పోయి చూడాలె."

చెప్పి, సరిగ్గానే చెప్పానా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. తప్పు చెప్పావు అంటానేమోనని ఆమె కళ్లు ఎదురుచూస్తున్నాయి. పొద్దుటి నుంచి అది నాకు ఎవరో ఫోన్‌లో చెప్పిన మాటే. ఇప్పుడు అవునని అనాల్సింది నేను.

"అవ్," అన్నాను. 'గదే' అనలేకపోయాను.

తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. అందరికీ ముందొక మంచి మాట, ఆ తర్వాత ఆ మాట. మంచి మాట మానేద్దామని మధ్యలో అనుకున్నాను. కాని అది లేకుండా నాకు నోరు పెగల్లేదు. అందరూ తిరిగి చెప్పారు. ఒక తండ్రి మాత్రం ఒప్పుకోలేదు. మిరప కల్లానికి పిల్లను తీసుకుపోతున్నాడని ముందు రోజే పెద్ద మేడం గేటు దగ్గర అతన్ని ఆపి గొడవ పెట్టుకున్నారు. "నిన్న నాతోని కొట్లాడింది గదా," అన్నాడు. "నిన్ననే గదా," అని మళ్లీ అన్నాడు. పళ్లు లేని తాత, పొద్దుగూకక ముందే పోవాలె అని మాత్రం చెప్పి ఆగిపోయాడు. మొదటి ముక్క చెప్పలేదు. పెద్ద మేడం అయితే వదిలేవారు కాదు. నేను వదిలేశాను.

అమ్మకానికి తెచ్చినవి సగం అమ్మకుండానే మూటలు కట్టారు. ఎవరో ట్రాలీ ఆటో మాట్లాడారు. గుంపుల వారీగా ఎక్కారు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో ఏదో మాట్లాడుకుంటున్నారు. మధ్యమధ్య 'పెద్ద మేడం' అనేది ఒక్కటే నాకు అర్థమైంది. శుక్రవారం కబురు ఆ రోజు నా నోట రాలేదు. చదివే రోజును ఒక వారం జరిపి, దాన్ని ఈ ఆదివారం చెప్పాలి.

బుధవారం ఆవిడ కూతురు ఫోన్ చేసింది. ఆటోలు వచ్చేసరికి ఇంకా తీసుకుపోలేదట. సందు నిండిపోయిందట. వాళ్లెవరో చుట్టాలకు తెలియక దారి ఇవ్వలేదట. తర్వాత ఒక్కొక్కరే లోపలికి వచ్చి, ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి మాట్లాడారట. వాగు పొంగిన నాడు మీ అమ్మ మా పిల్లలు దాటేదాకా గట్టు మీదే నిలబడింది అని ఒకామె. మా పిల్ల తలలో పేలు తీసింది, ఆ సంగతి నలుగురిలో ఎప్పుడూ అనలేదు అని ఇంకొకామె. నాకు పళ్లు లేవని వారం వారం నవ్వించింది అని తాత. అవి చెప్పాకే ఏడ్చారట.

"అందరు ముందు మంచి మాటనే చెప్పిన్రు మేడం," అంది ఆ అమ్మాయి. "మీరు చెప్పి పంపిన్రా?"

లేదన్నాను.

అమ్మ ముఖం ఎలా ఉందని అడిగాను. పడుకున్నట్టే ఉందని చెప్పింది.

నేను చూడలేదు. పై గుంపు వాళ్లు వాగు దాటి వచ్చేసరికి పొద్దు గుట్ట వెనక్కి పోయింది. అప్పటిదాకా నేను స్టూలు మీదే ఉన్నాను.