పై శ్రుతి పడని గిటారు

మా మావయ్యకి సొంత అభిప్రాయాలంటూ ఉండవు. ఉన్నవన్నీ ఆయన బేస్ గిటారువే. ఎండలో నడవడానికి ఆయనకి అభ్యంతరం లేదు, గిటారుకి పడదు. చుట్టాలింట్లో ఇంకో పూట ఉండటానికి ఆయన సిద్ధమే, కానీ గిటారుకి బెంగ.

అది మామూలు గిటారు కాదు, బాగా పేరున్న ఒక వాద్యకారుడి సిగ్నేచర్ మోడల్. అంటే ఆయన తనకి నచ్చిన కొలతలతో చేయించుకున్న గిటారులాంటివే కంపెనీవాళ్ళు మరికొన్ని వేలు చేసి, అన్నిటి మీదా ఆయన సంతకం అచ్చు వేసి అమ్ముతారన్నమాట. ఈ ముక్క మావయ్య దగ్గర అనకూడదు. నేనోసారి అన్నాను.

"అచ్చేంట్రా? ఆ చివరి గీత ఎలా వణికిందో చూడు. మా గురువుగారికి చెయ్యి నొప్పెట్టి ఉంటుంది పాపం."

"అన్నిటి మీదా అలాగే వణికి ఉంటుంది మావయ్యా."

"అన్నిటి మీదా పెడితే నొప్పెట్టదా మరి?"

ఆ గురువుగారిని మావయ్య జన్మలో చూడలేదు. మావయ్య వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. సాయంత్రం ఇంటికి రాగానే ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుని గానీ గిటారు పెట్టె తెరవడు. సంతకం మీద మెత్తటి గుడ్డ ఒకటి కప్పి ఉంటుంది. కారులో ముందు సీటు గిటారుది, బెల్టుతో సహా. అత్తయ్య వెనకాల స్పీకరు పక్కన ఒదిగి కూర్చుని, "సవతికి ముందు సీటిచ్చిన మొగుణ్ణి ఎక్కడైనా చూశారా?" అని దారిలో కనబడ్డవాళ్ళనల్లా అడుగుతుంటుంది.

ఆదివారాలు మేడమీద గదిలో మా బ్యాండు సాధన. అత్తయ్య పాడుతుంది. నాది కీబోర్డు. డ్రమ్ములు పళ్ళ డాక్టరుగారివి. వారమంతా "నొప్పి తెలియదండీ" అని అబద్ధాలాడి, ఆదివారం కసితీరా బాదుతారు. మా కాలనీ క్లబ్బు కార్యదర్శి కూడా ఆయనే.

ఈ ఏడాది మొదట్లో గిటారుకి కొత్త జబ్బు పట్టుకుంది.

"పాటని రెండు మెట్లు కిందికి దించండి. దీనికి పై శ్రుతి పడటం లేదు," అన్నాడు మావయ్య.

"ఇన్నాళ్ళూ పడిందిగా?" అన్నారు డాక్టరుగారు.

"మా గురువుగారు కింది శ్రుతి మనిషండీ. పైకి పోతే దీని చెక్క ముడుచుకుంటుంది."

"ముడుచుకోవడానికి చెక్కేమన్నా చిగుళ్ళా?"

నేను కీబోర్డు మీద బటన్ నొక్కి శ్రుతి దించేశాను. అసలు శ్రుతితో పనే లేని డ్రమ్ముల డాక్టరుగారే అందరికంటే ఎక్కువ బాధపడ్డారు. క్లబ్బు వార్షికోత్సవం దగ్గరపడ్డాక ఇక ఊరుకోలేకపోయారు.

"జనం అసలు పాట కావాలంటున్నారు. మనం శ్రుతి దించితే కుదరదు. పాడటానికి కాలేజీ అమ్మాయెవరో సిద్ధంగా ఉంది, ఆలోచించుకోండి."

ఆ వేదిక మీద పాడటమంటే అత్తయ్యకి ప్రాణం. అయినా మావయ్య ససేమిరా అన్నాడు. గిటారు ఒప్పుకోదట.

ఆయన టీ తేవడానికి కిందికి వెళ్ళగానే డాక్టరుగారు గిటారు ఎత్తి మెడకి తగిలించుకున్నారు. మావయ్య తప్ప ఇంకొకరు దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. కాలేజీ రోజుల్లో నేర్చుకున్నారట, అసలు శ్రుతిలోనే పాట ఎత్తుకున్నారు. గిటారు హాయిగా మోగింది. చెక్క ఎక్కడా ముడుచుకోలేదు. గుమ్మంలో మావయ్య, చేతిలో ఫ్లాస్కు.

"భేషుగ్గా పలుకుతోందండీ! ఇప్పుడేమంటారు?"

ఇల్లు పీకి పందిరేస్తాడనుకున్నాను. మావయ్య సంతకం వైపు కూడా చూడలేదు. అత్తయ్య వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని మైకు వైరు చిక్కు తీస్తోంది. అప్పుడు తట్టింది నాకు. జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ పై స్వరం దగ్గర అత్తయ్య గొంతు జీరపోతోంది. అక్కడికి రాగానే ఆగి మంచినీళ్ళు తాగుతోంది. గిటారుకి జబ్బు చేసిందీ అప్పుడే.

"గిటారు తప్పేం లేదండీ," అన్నాడు మావయ్య. "నాకే రాదు. పై శ్రుతిలో నా వేళ్ళు తిరగవు. పరువు పోతుందని దాని మీదకి నెట్టాను."

పచ్చి అబద్ధం. ఒంటరిగా ఉన్నప్పుడు అదే పాట అదే శ్రుతిలో ఆయన కళ్ళు మూసుకుని వాయించడం నేను చెవులారా విన్నాను. జన్మలో ఒక్క అపస్వరం ఒప్పుకోని మనిషి! అమాంతం కౌగిలించుకుందామనిపించింది గానీ, వేడి ఫ్లాస్కు అడ్డం వచ్చింది.

డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది. ఈ మాట కోసం ఆయన ఎన్నేళ్ళుగా కాచుక్కూర్చున్నారో!

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! చేతకాని మనిషిని ఇబ్బంది పెడతామా? దించేద్దాం."

వార్షికోత్సవంలో అత్తయ్య పాడింది. కింది శ్రుతిలో ఆ గొంతు ఎంత నిండుగా ఉందంటే, చప్పట్లు ఓ పట్టాన ఆగలేదు. డాక్టరుగారు ఉండబట్టలేక మైకు అందుకున్నారు.

"శ్రుతి తగ్గించింది మా బేస్ గిటారాయన కోసమండీ! ఆయనకి అంతకు మించి రాదు."

హాలంతా గొల్లుమంది. మావయ్య లేచి, పతకం వచ్చినవాడిలా నలువైపులా దండాలు పెట్టాడు.

నేను అత్తయ్య చెవి దగ్గర గొణిగాను. "మావయ్యకి నిజంగా రాదంటావా?"

"నా గొంతు సంగతి నాకు తెలియదా ఏంటి?" అంది అత్తయ్య, చప్పట్లు కొడుతూనే. "నువ్వు మాత్రం నోరు జారకు. నాకు తెలియదనుకుని ఆయనెంత సంబరపడుతున్నాడో చూడు."