అవసరం లేని దుప్పటి

పన్నెండో ఏట తండ్రి చేతికి అచ్చు అందించినప్పటి నుంచి మార్కండేయులు పెడనలో కలంకారీ అద్దకం పనే చేస్తున్నాడు. దుప్పట్ల మీద అచ్చు గుద్ది గుద్ది కుడి అరచెయ్యి కాయలు కాసిపోయింది. ఆదివారం ఆ చేత్తోనే కూతురు మాధురికి ఫోను ఇచ్చాడు. అయిదో తరగతి పిల్లలకి డబ్బు విలువ నేర్పే ఆటని బడి నుంచి పంపారట. "డబ్బు విలువ మనకి ఇంకొకడు నేర్పాలా?" అని విసుక్కుంటూనే పక్కన కూర్చున్నాడు.

తెర మీద రెండు బుట్టలున్నాయి. అవసరమైనవి ఒకదాంట్లో, అనవసరమైనవి రెండోదాంట్లో వెయ్యాలి. బియ్యం, మందులు, పుస్తకాలు మాధురి చకచకా అవసరాల్లో వేసేసింది. తర్వాత పువ్వుల అద్దకం దుప్పటి వచ్చింది, అచ్చం వాళ్ల షెడ్డులో ఆరేసినదాని లాంటిదే. "మనదే నాన్నా!" అంటూ దాన్నీ బియ్యం పక్కనే పెట్టింది.

ఫోను బర్రుమంది. పది మార్కులు పోయాయి.

"తప్పెందుకయింది నాన్నా? మనకి బియ్యం దీనివల్లే కదా వచ్చేది?"

మార్కండేయులుకి ఒళ్లు మండింది. ఫోను లాక్కుని గోడకేసి కొడదామనుకున్నాడు. కానీ పోయిన మార్కుల కోసం పిల్ల బిక్కమొహం వేసుకుని చూస్తోంది.

"అనవసరాల్లో పడెయ్యమ్మా," అన్నాడు.

పడేసింది. ఫోన్లో చప్పట్లు మోగాయి. 'శభాష్, నీకు డబ్బు విలువ తెలుసు' అంటూ బంగారు నక్షత్రం మెరిసింది.

మాధురి నవ్వలేదు. "మరి మన దుప్పట్లు ఎవరు కొంటారు నాన్నా?"

"డబ్బు విలువ తెలియనివాళ్లు తల్లీ," అన్నాడు మార్కండేయులు.