ఆడి గాలి వడికిన నూలు

తమిళనాడులో ఉడుమలైపేట దగ్గర మాకో చిన్న స్పిన్నింగ్ మిల్లు, దానికోసం నిలబెట్టిన ఒక గాలిమర ఉన్నాయి. జులైలో మొదలయ్యే ఆడి మాసంలో కనుమలోంచి గాలి విరుచుకుపడితే మిల్లుకు మించిన కరెంటు వస్తుంది. ఆ మిగులును గ్రిడ్‌కిచ్చి, గాలి పడిపోయిన నెలల్లో తిరిగి తీసుకుంటాం. ఆ ఏర్పాటును రద్దు చేయమని పంపిణీ సంస్థ విద్యుత్ నియంత్రణ కమిషన్‌ను కోరింది. అదే జరిగి ఉంటే, సంక్రాంతికి మొదలయ్యే తై నెలకల్లా మా మిల్లుకు తాళం పడేది.

కమిషన్ బహిరంగ విచారణకు ఇంగ్లీషులో నలభై పేజీలు రాసుకొని వెళ్లాను. కరెంటు చదువు చదివినదాన్ని, నోటి దురుసూ ఎక్కువే. అమ్మ వెంట వస్తానంటే కాదనలేకపోయాను గానీ, ఆమె చంకలో పసుపు గుడ్డసంచి చూసి ఒళ్లు మండింది.

"ఆడ నువ్వు ఏమీ మాట్లాడగూడదు మా," అన్నాను.

సంస్థ అధికారి లేచి ఒక్కటే అడిగాడు. రేపు ఎంత గాలి వీస్తుందో ముందురోజే చెప్పగలరా? చెప్పలేకపోతే మేము దేన్ని నమ్ముకొని గ్రిడ్ నడపాలి? నా నలభై పేజీల్లో దానికి జవాబు లేదు. ఆయన అడిగింది న్యాయమే కావడం ఇంకా మంటగా ఉంది.

అమ్మ లేచింది. సంచిలోంచి, కమ్మీకి గుచ్చిన తేదీ క్యాలెండరు కాగితాలు బయటికి తీసింది. రోజూ సాయంత్రం మేడెక్కి, పడమటి కొండల మీది మబ్బు చూసి, మర్నాటి గాలి సంగతి చింపిన కాగితం వెనక రాయడం ఆమె అలవాటు. ఎండబెట్టే వడియాల కోసం కాబోలని ఇన్నేళ్లూ అనుకున్నాను.

కాగితం అందుకున్న కమిషన్ సభ్యుడు తెల్లబోయాడు. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు. బడిలో నేర్చిన అక్షరాలతో ఇంటి మాట రాసుకోవడం మావాళ్లందరికీ మామూలే. ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. పక్కనున్న సభ్యురాలికి తెలుగు వచ్చు, ఆమె అర్థం చెప్పింది. రేపు గాలి జాస్తి, పొద్దు వాలినాక తగ్గును. ఆ మర్నాటి మీటరు రికార్డు నా పేజీల్లోనే ఉంది. సరిపోయింది. ఇంకో తేదీ తీశారు, అదీ సరిపోయింది. మూడోది తప్పింది.

"ఆ పొద్దు నాకు జొరం సార్. మేడ ఎక్కకుండానే రాసేస్తిని," అంది అమ్మ.

హాల్లో ఎవరూ నవ్వలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాను.

ఏర్పాటును కొనసాగిస్తూ ఉత్తర్వు వచ్చింది. గాలి అంచనా ముందురోజే పంపాలన్నది షరతు. ఇప్పుడు దానికి సాఫ్ట్‌వేర్ ఉంది. అయినా పంపేముందు అమ్మను ఒక మాట అడుగుతాను.

తై నెలలో ఆకు కదలని ఒక ఉదయం ఆమెను మిల్లుకు తీసుకెళ్లాను. బయట గాలిమర రెక్కలు కదలకుండా ఉన్నాయి. లోపల కదుళ్లన్నీ తిరుగుతున్నాయి. తీగలో కరెంటు ఏ నెలదో ఎవరూ చెప్పలేరని నాకు తెలుసు. అమ్మ అప్పుడే దింపిన నూలు మీద చేయి వేసి, నా చెవి దగ్గర అడిగింది.

"ఇదంతా ఆ ఆడి గాలేనా, పాపా?"

"ఔను మా. నువ్వు సెప్పిన గాలే."