మగ్గం ఆపిన మామ

మా పెంటప్ప మామ మాట్లాడడం తక్కువ, అరవడం ఎక్కువ. మరమగ్గాల మధ్య పెరిగాడు మరి. అన్నంలోకి ఉప్పు అడిగినా వీధంతా ఉలిక్కిపడేది. ఇవాళ నేను పంతులమ్మనంటే ఆ గొంతున్న మనిషి చలవే.

తొంభై మూడులో, గణపతి నిమజ్జనం మర్నాడు తెల్లవారకముందే భూకంపం వచ్చింది. కిల్లారి దగ్గరి మా ఊళ్లో ఇల్లూ బడీ కూలిపోయాయి. అమ్మ ఆసుపత్రి పాలైంది. నాన్న ఆమె దగ్గర ఉండిపోయి, నన్ను షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లోని మామ ఇంటికి పంపాడు.

పక్కనే మామ పనిచేసే కార్ఖానా. పొద్దున మగ్గాలు మొదలవగానే నేను వీధిలోకి పరుగు. బడి వెనకా కార్ఖానాయే, అక్కడా అదే పరుగు. నేల అదురుతోందని చెప్పినా ఎవరికీ అర్థం కాలేదు. వాళ్ల కాళ్ల కింద నేల ఎప్పుడూ అంతే! అమ్మ మీద బెంగ అనుకున్నారు.

"ఇగ బడి మాన్పియ్యుండ్రి. బీడీలు చుట్టుడు నేర్సుకుంటది" అంది పక్కింటి పోచమ్మ. నాకు ఏడుపొచ్చింది.

భూకంపం చూసిన పిల్లలకోసం పుణెలో ఒక మానసిక వైద్యురాలు కేసెట్లలో మాట్లాడి పంపేది. మేం జవాబు రికార్డు చేసి పంపాలి. అక్కలాంటిదని ఆమెను మరాఠీలో తాయి అనేవాళ్లం. బడివాళ్లు తెచ్చిచ్చిన కేసెట్‌లో నేను ఏడుపు తప్ప ఏం చెప్పలేకపోయాను. మామ అదే పోస్టు చేశాడు.

తాయి నుంచి తిరిగొచ్చిన కేసెట్‌లో మొదటి ప్రశ్న, వెనకాల ఆ చప్పుడేమిటని.

మామ అటూ ఇటూ చూశాడు. "ఏం చప్పుడు? ఏం లేదే!"

గంగుబాయత్త నెత్తి కొట్టుకుంది. "సాంచెల చప్పుడయ్యా, గీ మగ్గాలది! పోరి గందుకే ఉరుకుతుంది."

ఆ సంగతి రికార్డు చేసి పంపితే, మగ్గం నడపడం, ఆపడం పాప చేతికివ్వమని తరవాతి కేసెట్‌లో తాయి చెప్పింది. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లాక మామ తన మగ్గం దగ్గర నా చేతిని మీట మీద పెట్టాడు. నడిపాను, నేల అదిరింది. ఆపాను, ఆగింది. ఆ అదురు నా చెప్పుచేతల్లో ఉందంటే నమ్మలేకపోయాను.

అలా రోజూ. మధ్యలో ఆపితే నేస్తున్న చాదర్ దుప్పటి మీద అడ్డగీత పడుతుంది. యజమాని రామచంద్రం సేట్ మండిపడ్డాడు.

"గీత వడ్డ చాదర్ నేనే కప్పుకుంట సేట్! పోరి బెదురు పోనియ్" అని అరిచాడు మామ. ఆ అరుపు నాకెంత ముద్దొచ్చిందో!

ఓ పొద్దున కార్ఖానా మొత్తం నడుస్తుండగా, పుస్తకాల సంచితో లోపలికి వెళ్లాను. మామ అలవాటుగా పక్కకు జరిగి మీట చూపించాడు.

"వద్దు మామా, నడవనియ్. నాకు బడికి టైమైంది."

"జరుగుండ్రి, పోరి బడికి పోతుంది!" అని మగ్గాల చప్పుడును మించి అరిచాడు మామ.